అమ్మవారు వెలిగిన కారు

జూన్ 15, ఆదివారం

కుప్పం వెళ్ళి అత్తగారిని మదనపల్లెకు తీసుకొచ్చాము. ఎడమ కంటికి ఆపరేషన్ అయి నెల దాటింది. అప్పటి నుంచి సుభద్రమ్మగారికి కనిపించనిది లేదు. పోయినసారి వచ్చినప్పుడు గడప కూడా కనిపించక తట్టుకుని పడబోయిన మనిషి, ఈసారి కారెక్కగానే నా చొక్కా రెండో గుండీ ఊడిందని చెప్పింది. ముందు సీటు ఆమెదే. ప్రమీల వెనక సీట్లో మామిడిపళ్ళ బుట్టతో పాటు కూర్చుంది.

పలమనేరు దాటాక స్టీరింగ్ వెనక ఒక నారింజరంగు లైటు వెలిగింది. చిన్న ఇంజిన్ బొమ్మ. నేను చూసీ చూడనట్టు పోతున్నాను. ఆమె కొత్త కన్ను ఊరుకుంటుందా?

"ఏమప్పా, ఆ లైటు ఏమిటికి వెలగతాండాది?"

ఏసీ లైటు అన్నాను. ఏసీ కుప్పం నుంచీ ఉండాది గదా, లైటు ఇప్పుడేల వచ్చింది అని మళ్ళీ అడిగింది. బాగా చల్లబడితే వస్తుందత్తా అన్నాను. వెనక నుంచి ప్రమీల ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు భయం.

ఈ కారు కొనేటప్పుడు ప్రమీల వద్దంటే వద్దంది. పుంగనూరు స్కూలుకు బస్సులో పోయే మాస్టర్లు బతకడం లేదా అంది. రెండు నెలలు మాకు సరైన మాటలు లేవు. అప్పుడు నేను ఒక మాట అన్నాను, ఈ బండి ఒక్క రోజు నిన్ను ఇబ్బంది పెడితే నా పేరు ఉమాపతి కాదు అని. ఐదేళ్ళుగా ఉమాపతిగానే ఉన్నాను.

జూన్ 16

కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చూశాను. ఆ లైటు వెలిగితే "వెంటనే" కంపెనీ సర్వీసు సెంటరులో చూపించమని ఉంది. కంపెనీ వాళ్ళు అన్నిటికీ వెంటనే అనే రాస్తారు. వాళ్ళ సెంటరు తిరుపతిలో ఉంది. ఒక రోజు సెలవు పెట్టాలి. బడి తెరిచి నాలుగు రోజులే అయింది, పదో తరగతికి ఇంకా వాస్తవ సంఖ్యలే మొదలుపెట్టలేదు.

వారంటీ జూలై 9 దాకా ఉంది. అంటే ఇంకా ఇరవై మూడు రోజులు. చాలు.

జూన్ 21, శనివారం

అత్తగారు బోయకొండకు పోవాలంటే తీసుకెళ్ళాను. గంగమ్మ దర్శనం బాగా అయింది. కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది, అద్దానికి కుంకుమ పెట్టించింది, దిగివచ్చేటప్పుడు అంగట్లో అమ్మవారి స్టిక్కరు ఒకటి కొని నా చేతికిచ్చింది. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది. బండి తోలేటప్పుడు నీ కండ్ల ముందర ఉండేటట్టు అంటించుకోప్పా అంది.

కళ్ళ ముందర అంటే స్టీరింగ్ వెనక అద్దమే. అక్కడ ఖాళీ ఎక్కడుందని వెతికాను. మీటరు మీద అంటిస్తే వేగం కనిపించదు. పెట్రోలు ముల్లు మీద అంటించకూడదు. మిగిలింది ఎడమ పక్క మూల. అక్కడ ఆ నారింజ లైటు, దాని పక్కన ఇంకో లైటు ఉన్నాయి. రెండూ పెద్దగా పనికొచ్చేవి కావు.

పెద్దావిడ మాట కాదనలేక అంటించాను.

జూన్ 22

కారు స్టార్టు చేయగానే అత్తగారు చెప్పులు విడిచి దండం పెట్టింది. అమ్మవారు వెలుగుతోందట.

చూస్తే నిజమే. స్టిక్కరు పల్చటి ప్లాస్టిక్కు. వెనక లైటు పడి గంగమ్మ ముఖం నారింజరంగులో మెరిసిపోతోంది. ముక్కుపుడకతో సహా. ఇంత అందంగా ఉంటుందని నేను కూడా అనుకోలేదు.

"రెండు కండ్లతో సూస్తాండానప్పా," అంది అత్తగారు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఏమని చెప్పను? నేనూ దండం పెట్టాను.

జూన్ 29

ఈ వారంలో మా వీధి నుంచి పదకొండు మంది వచ్చి కారులో కూర్చుని చూసిపోయారు. ఎదురింటి ఇందిరమ్మగారు హారతి పళ్ళెం తెచ్చారు. అత్తగారు అందరికీ ముందు సీట్లో చోటిచ్చి, నన్ను తాళంచెవి తిప్పమంటుంది. నేను తిప్పుతాను. వెలుగుతుంది.

స్టాఫ్ రూములో సైన్సు మాస్టరు ప్రతాప్‌కు చెప్తే, అది ఇంజిన్ లైటు గదా సార్ అన్నాడు. కొంతమందికి నమ్మకాలుండవు. తిరుపతికి వచ్చే శనివారం పోతాను.

జూలై 5, శనివారం

పోలేదు. ప్రమీల పోస్టాఫీసులో ఆడిటు, ఇంట్లో అత్తగారు ఒక్కతే ఉంటుంది. ఆమె పక్కింట్లో ఉంటానంది. అయినా పోలేదు. అక్కడ వాళ్ళు స్టిక్కరు పీకేస్తారు. పీకేస్తే ఈమెకు ఏం చెప్పాలి?

జూలై 9

ఈ రోజుతో కారు వారంటీ అయిపోయింది. కారు బాగుంది.

జూలై 27, ఆదివారం

అంతా జరిగిపోయింది. వరుసగా రాస్తాను.

అత్తగారు కొత్త కంటితో హార్స్‌లీ హిల్స్ చూడాలంది. తొమ్మిదికి బయలుదేరాము. ముగ్గురం, ఏసీ, పులిహోర. ఘాటు రోడ్డు మొదలై మూడో మలుపు తిరుగుతుంటే అత్తగారు అంది, "ఈ పొద్దు ఆయమ్మ ఎర్రగా ఉండాది సూడు." చూశాను. నారింజ ముఖం పక్కనే కుంకుమ రంగు. బాగా ఎర్రగా. శాంతంగానే ఉందత్తా అన్నాను.

రెండు మలుపులకు ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. ఏదో తియ్యటి వాసన. ధూపం వాసన వస్తాండాది అని అత్తగారు చేతులు జోడించింది. ఆ తర్వాత నిజంగానే బానెట్ సందుల్లోంచి తెల్లగా ధూపం లేచింది. కారు ముక్కుతూ మూలుగుతూ ఇంకొక మలుపు ఎక్కింది, లోపల ఎవరో రోకలితో దంచినట్టు చప్పుడైంది, ఆగిపోయింది. తాళం తిప్పితే కదలలేదు. స్టిక్కరు మాత్రం వెలుగుతూనే ఉంది.

ఒక ట్రాక్టరు దొరికి కారును ఇంటికి లాక్కుపోయేదాకా, రెండు గంటలు రోడ్డు పక్కన బండరాయి మీద కూర్చుని పులిహోర తిన్నాము. మనల్ని ఏ లోయలోనో పడనీకుండా ఆయమ్మ ఈడ నిలబెట్టింది అని అత్తగారు కోతులకు కూడా పెట్టింది. ప్రమీల ఒక్క మాటే అడిగింది, "ముందు ఏమీ తెలియలేదా?"

కనిపించలేదు అన్నాను. అబద్ధం కాదు. స్టిక్కరు ఉంటే ఎలా కనిపిస్తుంది?

జూలై 28

తిరుపతికి ఫోన్ చేశాను. లక్షణాలు విని, ఇంజిన్ పట్టేసుంటుంది, మార్చాల్సిందే, రెండు లక్షలు దాటుతుంది అన్నాడు. వారంటీ ఎప్పటిదాకా అంటే జూలై 9 అన్నాను. అయ్యో, పద్దెనిమిది రోజులేగా సార్ అన్నాడు. ఆ కూడికలు తీసివేతలు నాకు రావా? లైన్ కట్ చేశాను.

ప్రమీల తమ్ముడు మునికుమార్‌కు కుప్పంలో మెకానిక్ షెడ్డు ఉంది. మే నెలలో అత్తగారి కంటి ఆపరేషన్‌కు పోయినప్పుడు వాడే ఇంజిన్ ఆయిలు, రేడియేటరు నీళ్ళు మార్చాడు. ఇది కేవలం జరిగిన విషయం కాబట్టి రాస్తున్నాను.

జూలై 29

మునికుమార్ స్నేహితుడి రికవరీ వ్యాను తీసుకుని వచ్చాడు. కారు స్టీరింగ్ కింద ఒక చిన్న పెట్టె తగిలించి, దాని తెర చూసి, ఫోనుతో ఒక ఫోటో తీసుకున్నాడు. ఏమైంది రా అంటే, "సూస్తాను బావా," అన్నాడు. అంతకంటే మాట్లాడలేదు. తప్పు చేసినవాడు అలాగే ఉంటాడు.

అత్తగారు కూడా వ్యాను ముందు సీటెక్కి కుప్పం వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు వెనక వేలాడుతున్న కారుకు దండం పెట్టింది.

జూలై 30

ప్రమీల, ఇలా ఎందుకయిందో నాకు చెప్పండి అని కూర్చుంది. నేను మునికుమార్ పేరు ఎత్తలేదు. ఈ మూడు నెలల్లో కారు బానెట్ ఎవరెవరు తెరిచారో మాత్రం లెక్క ప్రకారం చెప్పాను. లెక్కలో ఒక్కరే తేలారు.

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి ఫోనులో గొంతు వినిపించింది. నీ చేతిలో పెట్టినందుకు మంచి పని చేసినావురా అని తమ్ముడిని అంటోంది. వాడు అవతల ఏమన్నాడో వినిపించలేదు. ఎక్కువసేపు మాట్లాడినట్టు లేదు.

ఆగస్టు 1

పుంగనూరు బస్సు. నిలబడే వెళ్ళాను, నిలబడే వచ్చాను. ప్రతాప్ సైన్సు పాఠంలో ఇంజిన్ గురించి చెప్పడానికి నన్ను తరగతికి పిలిచాడు. పోలేదు.

ఆగస్టు 5, మంగళవారం

కుప్పం నుంచి జగదీష్ అనే ఆయన ఫోన్ చేశాడు. అక్కడ ఒక ప్రైవేటు స్కూలు నడుపుతున్నాడట. ఎనిమిది బస్సులున్నాయి. ఏడాది పొడవునా వాటి మరమ్మతు పని మునికుమార్‌కు ఇద్దామనుకున్నాడు, మాట కూడా అయిపోయిందట. ఇప్పుడు ఊర్లో ఏదో వినిపిస్తోందన్నాడు. "మీరు మాస్టరు, అబద్ధం చెప్పరు. మీ కారు ఇంజిన్ ఆ పిల్లోని సేతిలోనే పోయిందంట, నిజమా సార్? బస్సుల్లో పిల్లోళ్ళుంటారు."

మునికుమార్ ఈ పని కోసం రెండేళ్ళు తిరిగాడని నాకు తెలుసు. షెడ్డుకు రేకులు కూడా ఈ మాట మీదే వేయించాడు.

కనుక్కుని చెప్తానన్నాను. శుక్రవారంలోగా చెప్పండి, శనివారం ఖాయం చేసుకోవాల అన్నాడు.

ఆగస్టు 6

ఫోన్ చేయలేదు. సిగ్నలు సరిగా లేదు.

ఆగస్టు 7

నిన్న రాసింది తప్పు. సిగ్నలు నాలుగు గీతలూ ఉంది.

ఒకవేళ రేడియేటరును చల్లబరిచే ఫ్యాను తీగ మే నెలలో వాడి చేయి తగిలే వదులయి ఉండవచ్చు. అవకాశం ఎంత అంటే చెప్పలేను. సున్నా అని కూడా నిరూపించలేము.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. ఏటా మునికుమార్ అక్కకు చీర తెచ్చి, పాయసం తాగి పోతాడు. ఈసారి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. వంకాయరంగు చీర. ప్రమీల అట్ట విప్పి చూసి, మళ్ళీ మడిచి బీరువా పైన పెట్టేసి, పాత చీరతోనే పూజకు కూర్చుంది. కథ చదువుతూ మధ్యలో రెండుసార్లు ఆగింది. నేను ప్రసాదం రెండుసార్లు పెట్టించుకున్నాను, ఇంకేం చేయాలో తోచక.

జగదీష్ రెండుసార్లు ఫోన్ చేశాడు. రింగు వినిపించింది.

ఆగస్టు 10, ఆదివారం

ఉదయం మొదటి బస్సు పట్టుకుని కుప్పం వెళ్ళాను. ఇంజిన్ చూడడానికే వెళ్ళాను.

మునికుమార్ షెడ్డులో నా కారు ముందు భాగం ఖాళీగా ఉంది. ఇంజిన్‌ను పాత బ్యానరు మీద ముక్కలు ముక్కలుగా పరిచాడు. పిస్టన్లు కాలి గీతలు పడ్డాయి, పైన మూత వంకర పోయింది. ఒక్కొక్కటే చూపించాడు. నీళ్ళు మొత్తం ఆవిరైపోయి వేడికి పట్టేసిందని చెప్పాడు. నీళ్ళు మార్చేటప్పుడు ఫ్యాను తీగ కదిలి ఉంటుందేమో, చిన్న పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయిలే అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే తరగతిలో చెబుతున్నట్టు వినిపించింది.

వాడు చేతులు గుడ్డకు తుడుచుకుని, ఫోను తెచ్చి ఆ రోజు తీసిన ఫోటో చూపించాడు. ఆ చిన్న పెట్టె తెర మీద ఒక సంఖ్య ఉంది. 2,614.

"లైటొచ్చినాక బండి ఇంత దూరం నడిచింది బావా. ఫ్యాను మోటారు కాలిపోయినాది, అందుకే లైటొచ్చింది. తిన్నటి రోడ్డులో ఎదురుగాలికి ఎట్లనో నెట్టుకొచ్చె. కొండెక్కేటప్పటికి సేతులెత్తేసె."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. పలమనేరు నుంచి మదనపల్లె, స్కూలుకు ఇన్ని రోజులు, బోయకొండ, హార్స్‌లీ హిల్స్ సగం. నలభై కిలోమీటర్లు మాత్రమే తేడా వచ్చింది. లైటు వచ్చిన రోజుకు వారంటీ ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. పైసా ఖర్చు లేకుండా ఒక మోటారు మార్చి ఇచ్చేవాళ్ళు. ఆ తీసివేత కూడా వేసుకున్నాను.

మొదటి రోజే తెలిసి ఎందుకు చెప్పలేదు రా అని అడిగాను.

"చెప్తే అక్క నిన్ను అంటాది. అమ్మ ఏమో అమ్మవారు వెలిగెనని ఈదంతా చెప్పుకోనుండాది. నన్నయితే నాలుగు దినాలు అనుకుంటారు, ఇంగ బండి బాగుచేస్తే మరిచిపోతారులే అనుకుంటి."

మరి జగదీష్ సంగతో అన్నాను. వాడు ఒక బోల్టు తీసి పళ్ళెంలో వేశాడు.

"ఆయన నీకు ఫోన్ చేసినాడని తెలుసు బావా. నువ్వే చెప్తావులే అనుకుంటి."

నాకు ముప్పై ఏళ్ళుగా పిల్లలు దండాలు పెడుతున్నారు. ఆ నిమిషంలో మాత్రం ఆ షెడ్డులో నిలబడడానికి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది, డైరీ కోసం రాస్తున్నది కాదు.

అక్కడే, వాడి ముందే జగదీష్‌కు ఫోన్ చేశాను. "తప్పు నాదే సార్. హెచ్చరిక లైటు మీద స్టిక్కరు అంటించుకుని ఐదు వారాలు తిరిగాను. మునికుమార్‌కు దీంతో సంబంధం లేదు," అన్నాను. అవతల దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకుంటున్నాడని తర్వాత అర్థమైంది. నిన్న మొన్న చెప్పుంటే బాగుండె సార్, నిన్ననే నాలుగు బస్సులు పలమనేరు షెడ్డుకు రాసిచ్చేసినాను అన్నాడు. మిగతా నాలుగు మునికుమార్‌కు ఇస్తానన్నాడు.

నేను నోరు మూసుకుని కూర్చున్నందుకు వాడికి నాలుగు బస్సులు పోయాయి. వాడితో అదే చెప్పాను. నాలుగైనా వచ్చె గదా బావా, రా, అన్నం తిందువు అన్నాడు.

ఇంట్లో అత్తగారు రాగిసంగటి పెట్టింది. ఇక ఆలస్యం చేస్తే మళ్ళీ ఏదో ఒక కారణం దొరుకుతుందని, ముద్ద తుంచకముందే చెప్పేశాను. ఆ రోజు పలమనేరు దగ్గర వచ్చింది ఏసీ లైటు కాదని, నేనే దాని మీద అమ్మవారిని అంటించానని, వెలిగింది లైటేనని, ఎర్రగా అయింది కూడా ఇంకో లైటేనని.

ఆమె బాధపడుతుందనుకున్నాను. పదకొండు మంది చూసిపోయిన మహిమ. గరిటె పక్కన పెట్టి, కొత్త కంటితో నన్ను తేరిపార చూసింది.

"లైటే కానీలేప్పా. ఆయమ్మ ఏమిటికి వెలిగింది మరి? నీకు చెప్పాలనే గదా. నన్ను చేర్చుకోని అందురూ దండం పెడితిమి గానీ, ఏమి తల్లీ, ఏమయింది అని ఒకరన్నా అడిగితిమా? నువ్వయితే ఆయమ్మ మొగాన్నే అడ్డం పెట్టి ఆయమ్మ నోరు మూసేస్తివి."

మునికుమార్ తల వంచుకుని తింటున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు వెధవ.

రాత్రి ఇంటికొచ్చి ప్రమీలకు కూడా చెప్పాను. కారు గురించి ఏదో అంటుందని, ఐదేళ్ళ నాటి మాట తీస్తుందని సిద్ధపడి ఉన్నాను. ఆమె కారు ఊసే ఎత్తలేదు.

"నేను వాడి చీర కట్టుకోలేదు," అంది. అంతే. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆగస్టు 11

వంకాయరంగు చీర కట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళింది. రవిక ఇంకా కుట్టించలేదు, వేరే రవికే వేసుకుంది. నాతో మాట్లాడలేదు. టిఫిను మాత్రం పెట్టింది. ఉప్పు సరిపోయింది.

ఆగస్టు 15

స్కూల్లో జెండా ఎగరేశాక ప్రతాప్‌కు చెప్పాను, నువ్వన్నది నిజమే, అది ఇంజిన్ లైటే అని. తెలుసు సార్ అన్నాడు. ఈ జిల్లాలో తెలియనివాడు లేనట్టున్నాడు.

ఆగస్టు 24, ఆదివారం

మునికుమార్ కారు బాగుచేసి తీసుకొచ్చాడు. పక్క సీట్లో అత్తగారు. సామానుకు అయింది మాత్రమే తీసుకున్నాడు, కూలి అంటే అక్క పాయసం అన్నాడు. వ్రతం నాటిది బాకీ ఉందట. ప్రమీల వంటింట్లోకి వెళ్ళింది. అరగంట తర్వాత లోపల అక్కాతమ్ముళ్ళిద్దరూ దేనికో నవ్వుకోవడం వినిపించింది. దేనికో కాదు, నా గురించే. నాకు ప్రాణం తేలికైంది.

కారెక్కి చూశాను. స్టీరింగ్ వెనక అద్దం శుభ్రంగా ఉంది. గంగమ్మను వాడు జాగ్రత్తగా ఊడదీసి, అత్తగారి సీటు ఎదురుగా అంటించాడు. అక్కడ వెనక ఏ లైటూ లేదు.

సాయంత్రం అత్తగారు బోయకొండకు పోదామంది. ప్రమీల నేనూ వస్తానని వెనక సీటెక్కింది. పుంగనూరు ఇంకా ఐదు కిలోమీటర్లు ఉందనగా నారింజరంగు లైటు వెలిగింది. వెంటనే కారు పక్కకు తీసి ఆపేసి, మునికుమార్‌కు ఫోన్ చేసి, లైటు ఎక్కడుంది, ఏ రంగు, బొమ్మ ఎలా ఉంది, అన్నీ వివరంగా చెప్పాను.

వాడు చివరిదాకా విన్నాడు. "బావా, అది పెట్రోలు," అన్నాడు.

"ఏమంటాండాదప్పా ఆయమ్మ?" అని అడిగింది అత్తగారు.

పెట్రోలు పోయించుకోమంటోందత్తా అన్నాను. వెనక సీట్లో ప్రమీల నవ్వింది. ఈ నెలలో నా మాటకు ఆమె నవ్వడం ఇదే మొదలు. బంకు రాగానే ట్యాంకు నిండా పోయించాను.